పాత పికప్‌లు పారేయకు

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

చిరంజీవి చిన్నికి,

నువ్వు ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మూడు నెలల జీతంలోంచి దాచిన డబ్బుతో గిటార్‌కి కొత్త పికప్‌లు వేయిస్తానన్నావు. ఏవి కొనమంటావు బాబాయ్ అని అడిగావు. రెండు పేర్లు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఈ విషయంలో నేను ఒకసారి తొందరపడి పోగొట్టుకున్నది ఒకటుంది. అదింకా గుండెలో కలుక్కుమంటూనే ఉంటుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నువ్వు చెప్పిన ఫిర్యాదులు మూడు. మన చిక్కడపల్లి గానసభలో పాటల విభావరికి వాయించినప్పుడు యాంప్‌లోంచి ఒకటే రొద. ఇంట్లో తోడి రాగం సాధన చేస్తుంటే తీగ లాగగానే మోత పడిపోతోంది. మొత్తంమీద శబ్దం ముసుగేసుకున్నట్టుంది. ఈ మూడింటికీ కారణం పికప్‌లేనని నువ్వు తేల్చేసుకున్నావు. నాకు అలా అనిపించడం లేదు. మూడు జబ్బులకు ఒకే మందు వేయబోతున్నావని భయం.

పికప్ అంటే ఏముంది? మాగ్నెట్, దాని చుట్టూ రాగి తీగ. ఆ రాగి తీగ దాదాపు మన తలవెంట్రుక మందమే ఉంటుంది. దాన్ని ఏడెనిమిది వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగ ఊగితే మాగ్నెట్ క్షేత్రం కదులుతుంది, కాయిల్లో సన్నటి కరెంటు పుడుతుంది. అంతే. అది నీ వేలిలో లేనిదాన్ని సృష్టించలేదు. తీగ ఊగిన ఊపులో ఏ భాగాన్ని ఎక్కువగా వినాలో, దేన్ని వదిలేయాలో తేల్చేది మాత్రం అదే.

ముందు రొద సంగతి. అందులో రెండు రకాలున్నాయి. తీగలమీద చెయ్యి వేయగానే తగ్గిపోయే గరగర ఒకటి. లోపల వైర్లకు సరైన కవచం లేకపోతే వస్తుంది. పిక్‌గార్డ్ విప్పి, కుహరం గోడలకు రాగి రేకు అంటించి, దాన్ని ఎర్త్‌కి కలిపితే చాలామట్టుకు పోతుంది. రెండోది లోతుగా, హూఁ... మని మోగేది. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఆ గుసగుస సింగిల్ కాయిల్ పికప్‌కి చక్కగా వినిపిస్తుంది. దీన్ని రాగి రేకు ఆపలేదు. ఒక పరీక్ష చెయ్యి. వాల్యూమ్ పెంచి, గిటార్ మెళ్లో వేసుకుని, ఉన్నచోటే నెమ్మదిగా చుట్టూ తిరుగు. ఒక దిక్కున రొద పెరిగి మరో దిక్కున తగ్గితే అది ఈ రెండో రకమే. గానసభలో కళాసుబ్బారావు కళావేదిక మీద లైట్ల వైర్లు, మైకు పెట్టెల ట్రాన్స్‌ఫార్మర్లు అన్నీ నీకు చేరువలోనే ఉంటాయి. నేను వాయించే రోజుల్లో పాట మొదలవకముందే ఏ మూల నిలబడితే నిశ్శబ్దమో వెతుక్కునేవాణ్ణి.

ఇక్కడొక మాట, తల్లీ. చిక్కడపల్లి పాత ఇళ్ళలో గోడకు మూడు కన్నాల సాకెట్ ఉన్నంతమాత్రాన మూడో కన్నానికి ఎర్త్ ఉన్నట్టు కాదు. మన ఇంట్లో ముందుగదిలోదానికి చాలా ఏళ్ళు లేదు. గిటార్ తీగలు యాంప్ ఎర్త్‌కి కలిసే ఉంటాయి. ఎర్త్ సరిగా లేని యాంప్‌తో వాయిస్తూ పెదవి మైకుకి తగిలిస్తే ప్రాణంమీదికొస్తుంది. తీగలు ముట్టుకుంటే వేళ్ళకు ఎప్పుడైనా జివ్వుమంటే ఆ క్షణమే ప్లగ్ తీసెయ్. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా మళ్ళీ పెట్టకు. పికప్‌ల ఖర్చు కన్నా ముందు చేయాల్సిన ఖర్చు ఇదే.

డబ్బు పెట్టకుండా రొద తగ్గించే దారి నీ గిటార్‌లోనే ఉండొచ్చు. నీది మూడు సింగిల్ కాయిళ్ళ స్ట్రాట్ రకం కదా. అయిదు స్థానాల స్విచ్‌ని రెండులోనూ నాలుగులోనూ పెట్టి విను. ఆ రెండుచోట్ల రొద ఒక్కసారిగా తగ్గితే, మధ్య పికప్‌ని మిగతావాటికి ఎదురుగా చుట్టి, మాగ్నెట్‌ని తలకిందులుగా పెట్టారన్నమాట. రెండు కాయిళ్ళు ఒకే రొదను ఎదురెదురుగా పలికి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, తీగ మోత మాత్రం రెండింటిలోనూ కలిసి వస్తుంది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రెండు కాయిళ్ళ హంబకర్‌కి పేటెంట్ అడిగింది ఈ సూత్రం మీదే. పాత సినిమా పాటల వెనక గలగలమనే తాళపు వాయింపుకి నాలుగో స్థానం ఎంత బాగుంటుందో! విభావరిలో సగం పాటలు అక్కడే నడిచిపోతాయి.

ఇక తోడి. నా మనసంతా ఈ ఫిర్యాదు దగ్గరే ఉంది.

మన మాండొలిన్ శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. మాండొలిన్‌కి మామూలుగా నాలుగు జతలు, ఎనిమిది తీగలు. మీటగానే టింగుమని ఆగిపోయే మోత దానిది. గమకానికి అది చాలదు. స్వరం నిలబడితేనే కదా దాన్ని ఊపేది, జార్చేది! ఆయన జతలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు, ఎలక్ట్రిక్ వాద్యం చేసుకున్నాడు. పికప్ ఉంటే చిన్న ఊపు కూడా వినిపిస్తుంది, స్వరం ఆరిపోయే చివరంచున కూడా గమకం పలుకుతుంది. ఆయన 2014లో పోయాడన్న రోజున నేను గిటార్ ముట్టుకోలేకపోయాను. నువ్వు తోడి వాయించాలనుకుంటున్నావంటే, ఆ ఎలక్ట్రిక్ తీగ దారిలోనే నడుస్తున్నావు. కాబట్టి నీకు కావలసిన మొదటి గుణం గట్టిదనం కాదు, నిలకడ.

నిలకడను చంపేది చాలాసార్లు పికప్ రకం కాదు, దాని ఎత్తు. ఒక రూపాయి బిళ్ళ తీసి నెక్ (మెడ) దగ్గరి పికప్ మీద కనిపించే లోహపు గుండీలమీద పెట్టి చూడు, ఠక్కున అంటుకుంటుంది. అదే మాగ్నెట్ నీ ఉక్కు తీగను కూడా రాత్రింబవళ్ళు లాగుతోంది. పికప్ మరీ పైకి ఉంటే తీగ హాయిగా ఊగలేదు. మోత త్వరగా ఆరిపోతుంది. లావు తీగలు పైమెట్ల దగ్గర శ్రుతి తప్పినట్టు వణుకుతాయి. ఆ వణుకుని చాలామంది ట్యూనింగ్ తప్పనుకుంటారు, గిటార్‌నే తిడతారు. పికప్ పక్కనుండే రెండు స్క్రూలు నీ చేతిలోనే ఉన్నాయి. తీగను చివరి మెట్టు దగ్గర నొక్కిపట్టి, పికప్ గుండీకీ తీగ అడుగుకీ మధ్య స్కేలు పెట్టి కొలువు. లావు తీగ వైపు రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు రెండు మిల్లీమీటర్లు పెట్టి మొదలుపెట్టు. అర మలుపు తిప్పు, వాయించు, విను. మళ్ళీ అర మలుపు. శబ్దం కాస్త తగ్గుతుంది, యాంప్‌లో పెంచుకో. ఒక్కచోట స్వరం ఒళ్ళు విరుచుకున్నట్టు తెరుచుకుంటుంది. నీకే తెలుస్తుంది, నేను చెప్పక్కర్లేదు.

ఎత్తు సరిచేశాక కూడా తీగ లాగినప్పుడు మోత కొంచెం తగ్గితే, దానికి ఇంకో కారణం ఉంది. తోడి గాంధారాన్ని కిందిమెట్టు దగ్గర పట్టుకుని తీగను పక్కకు లాగి పలికిస్తావు కదా. ఏడో మెట్టు దగ్గర ఎనిమిది మిల్లీమీటర్లు లాగావనుకో, నెక్ పికప్ మీద ఆ తీగ దాదాపు మూడు మిల్లీమీటర్లు జరుగుతుంది. ఒక్కో తీగకు ఒక్కో గుండీ ఉన్న పికప్‌లో తీగ తన గుండీ నడినెత్తి నుంచి పక్కకు పోతుంది. రాక్ వాయించేవాళ్ళు గట్టి డిస్టార్షన్లో ఇది పట్టించుకోరు. శుభ్రమైన మోతలో, నెమ్మదిగా, ఒకే స్వరాన్ని ఊపే నీకు మాత్రం చెవికి తగులుతుంది. గుండీలకు బదులు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే పట్టీ ఉండే పికప్‌లు ఉన్నాయి, రైల్స్ అంటారు. తీగ ఎటు జరిగినా పట్టీ కిందే ఉంటుంది. సింగిల్ కాయిల్ సైజులోనే రెండు పట్టీలు, రెండు కాయిళ్ళు, కాబట్టి రొద కూడా ఉండదు. తీగల మధ్య దూరం, గుండీల మధ్య దూరం కలిశాయా లేదా అన్న బెంగ కూడా తీరిపోతుంది.

అందుచేత నా సలహా ఇది: మూడూ మార్చకు. నెక్ దగ్గర ఒక్కటి మార్చు, అదీ పైవన్నీ చేసి చూశాక, ఇంకా అవసరమనిపిస్తేనే. సీమోర్ డంకన్ వాళ్ళవి కూల్ రైల్స్, హాట్ రైల్స్ అని ఉన్నాయి. పేరులోనే ఉంది, నీకు హాట్ వద్దు. అరిచే పికప్ గమకానికి పనికిరాదు, మీటు మెల్లగా వేసినా గట్టిగా వేసినా ఒకేలా చెబుతుంది. కొన్నాక ఒకటి గుర్తుంచుకో. నాలుగో స్థానంలో కొత్తదీ, మధ్యదీ కలిసినప్పుడు మధ్యదాని రొద వినిపిస్తుంది, కొత్త పికప్ చెడిపోయిందనుకోకు. ఆ రెండూ కలిసినప్పుడు మోత ముక్కుతో పాడినట్టు సన్నబడితే మాత్రం రెండూ ఎదురు ఫేజ్‌లో ఉన్నాయని అర్థం. అందుకే నాలుగు వైర్లు విడిగా బయటికి వచ్చే రకమే కొను, తిరగేసి కలుపుకోవచ్చు.

కిలో ఓమ్‌ల అంకెలు చూసి కొనకు. ఎక్కువ ఓమ్‌లుంటే గొప్ప పికప్ అని అంటారు. రాగి వేడెక్కితే ఆ అంకె పెరుగుతుంది. చలికాలం పొద్దున ఇరవై డిగ్రీల్లో 6 కిలో ఓమ్‌లు చూపిన పికప్పే మే నెల మధ్యాహ్నం నలభైలో ఆరున్నరకు దగ్గరగా చూపిస్తుంది. దాని మోత ఏం మారింది?

ఇక మూడో ఫిర్యాదు, ముసుగేసుకున్న శబ్దం. కొత్త తీగలు వేశావా? ఎన్నాళ్ళైంది? కేబుల్ ఎంత పొడుగు? పొడుగు కేబుల్ పైస్థాయి మెరుపంతా మింగేస్తుంది. వాల్యూమ్ పాట్ 250 కిలో ఓమ్‌లది ఉందో లేదో చూడు. అరిగిపోయిన చవక పాట్లు ఉంటే మార్చేయ్. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే నారాయణగూడ తర్వాతదే సుల్తాన్ బజార్. అక్కడ దిగి కోఠి గుజరాతీ గల్లీకి నడిచిపో. పాట్లు, సోల్డర్, సన్న మొన ఉన్న 25 వాట్ల ఐరన్ ఆ గల్లీలోనే దొరుకుతాయి.

ఇప్పుడు నేను పోగొట్టుకున్న సంగతి. అశోక్‌నగర్‌లో ఉండగా నాకొక పాత గిటార్ ఉండేది. దాని పికప్‌లు బలహీనంగా ఉన్నాయని తోటివాళ్ళంటే విని, ఒక రిపేరు షాపులో రెండు గట్టివి వేయించాను. పాతవి అక్కడే కౌంటర్ మీద వదిలేసి వచ్చాను. ఆ వారం గానసభలో కార్యక్రమం. మీ నాన్న పాడుతున్నాడు. నా గిటార్ వాడి గొంతుమీద పడి తొక్కేసింది. ఎంత తగ్గించినా ఆ శబ్దంలో పక్కకు తప్పుకునే గుణం లేదు. మర్నాడే షాపుకి పరిగెత్తాను. చెత్తతో పాటు ఊడ్చేశామన్నారు. అంతకుముందు ఏడాది వాడు పాడిన క్యాసెట్ ఒకటి నా దగ్గర ఉంది. దాని వెనక వినిపించే ఆ పల్చటి, నీళ్ళలాంటి మోత కోసం తర్వాత ఎన్నేళ్ళు వెతికానో! మీ నాన్న ఇప్పుడు లేడు. ఆ క్యాసెట్ వింటే వాడి గొంతుకి ఎంత చోటిచ్చిందో ఆ గిటార్ అనిపిస్తుంది.

కాబట్టి నువ్వు ఏది విప్పినా పారేయకు. వైర్లు పికప్ మొదట్లో కత్తిరించనివ్వకు, పాట్ దగ్గర సోల్డర్ కరిగించి తీయమను. విప్పేముందు నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసుకో. రాగి చుట్ల దగ్గరికి స్క్రూడ్రైవర్ పోనివ్వకు, ఒక్క చుట్టు తెగితే పికప్ మూగబోతుంది. పాతదాన్ని, దాని స్క్రూలను, స్ప్రింగులను ఒక డబ్బాలో వేసి, ఏ గిటార్‌దో ఏ చోటుదో చీటీ రాసి పెట్టు.

ఈ వారం కొనడం ఆపు. కొత్త తీగలు వేసి, నెక్ పికప్‌ని ఇప్పుడున్న ఎత్తులో ఒకసారి, అర మలుపు దించి ఒకసారి, ఒక మలుపు దించి ఒకసారి, అదే తోడి సంచారం మూడుసార్లు రికార్డు చేసి పంపు. టోన్ పూర్తిగా తెరిచి, యాంప్ ముట్టుకోకుండా. ఏది ఎంత ఎత్తుదో నాకు చెప్పకు. అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్ పెట్టుకుని విని, తెల్లారేసరికి ఏదో చెబుతాను.

అమ్మను అడిగానని చెప్పు. 

ఇట్లు,
నీ బాబాయి