ద్రాక్షపండ్లను రాత్రివేళ కోయుట

గడ్డిఅన్నారపు పండ్ల మార్కెట్టు 2021-22లో బాటసింగారమునకు మారినది. తెల్లవారకముందే బండి మార్కెట్టు చేరవలెనని కొందఱు మిట్టమధ్యాహ్నమే ద్రాక్ష కోయుచున్నారు. ఇది నష్టకరము.

కోసిన పిమ్మటను పండు శ్వాసించుచునే యుండును. ఎండవేడికి ఆ శ్వాస హెచ్చి, తేమ తగ్గి, కాడలు నల్లబడి, పండ్లు రాలును. వేడిదేశములలో తెల్లద్రాక్షతో సారాయము చేయువా రిందుచేతనే రాత్రి కోయింతురు. చల్లనిపండ్ల రసము త్వరగా రంగు మారదు, అకాలమున పులియదు.

అయితే తినుపండ్లకు మంచు శత్రువు. ఒకతోటలో మేమే తొందరపడి తడిగుత్తులను పెట్టెల కెక్కించితిమి. మూడవనాటికి బూజుపట్టి, రైతునకు కూలిడబ్బులైన దక్కలేదు. తప్పు మాదే. కావున మంచుపడు రోజులలో గుత్తు లాఱిన వెంటనే మొదలిడి, ఎండ ముదురకముందే ముగింపవలెను. మంచులేని రాత్రులలో తెల్లవారుజామున కోయవచ్చును.

మామిడివలె ద్రాక్ష కోసినపిదప మాగదు. దీపపు వెలుగున రంగు మోసపుచ్చును. కావున పగలే రుచిచూచి, పండినగుత్తులకు దారము కట్టవలెను. కాడ పట్టుకొని కత్తెరతో కోయవలెను. పండుమీది తెల్లని పొడి చెఱుపరాదు. లోతులేని పెట్టెలలో పేర్చి నీడను ఉంచవలెను.

పందిరిక్రింద పాములు తిరుగును. దీపములు, గట్టి జోళ్లు లేనిదే కూలీలను చీకటిలోనికి పంపకుడు. వీనిని, పెట్టెలను, బండిని సంఘసభ్యులు ఉమ్మడిగా సమకూర్చుకొనిన ఖర్చు తగ్గును. పండును దక్కును, మనిషియు దక్కును.