రేవు పూడిపోయిన నగరం

భూమిపై సంచరించి, పూర్వం గతించిన జాతుల పర్యవసానం ఏమయిందో చూడమని దివ్యఖుర్ఆన్ పదేపదే బోధిస్తోంది. చూడటమంటే ఫోటోలు తీసుకుని తిరిగి రావడం కాదు, గుణపాఠం గ్రహించడం. ఈ దృష్టితోనే మనం టర్కీ పశ్చిమ ప్రాంతంలోని ఎఫెసస్ శిథిలాలను చూద్దాం.

గ్రీకులు స్థాపించిన ఈ నగరం రోమన్ల ఏలుబడిలోనూ గొప్ప వర్తక కేంద్రంగా వెలిగింది. 2015లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. సుమారు 25 వేల మంది కూర్చోగల రంగస్థలం, పాలరాతి వీధులు, 2వ శతాబ్దపు సెల్సస్ గ్రంథాలయ ముఖభాగం నేటికీ చూపరులను ఆశ్చర్యపరుస్తాయి. మరి ఏడు వింతల్లో ఒకటైన ఆర్టెమిస్ ఆలయం ఏదీ? చిత్తడి నేలలో, ముక్కలు పేర్చి నిలబెట్టిన ఒకే ఒక్క స్తంభం!

రంగస్థలం నుండి ఒక విశాలమైన వీధి రేవు వైపు సాగుతుంది. దాని చివర ఇప్పుడు సముద్రం లేదు. అది అయిదు కిలోమీటర్లకు పైగా వెనక్కి వెళ్ళిపోయింది. శత్రువుల దాడులను, భూకంపాలను తట్టుకుని మళ్ళీ లేచిన నగరాన్ని చివరికి నది తెచ్చిన ఒండ్రుమట్టి ఓడించింది. పాలకులు పూడిక తీయించారు. కాని మట్టి చేరడం ఆగలేదు. రేవు పోయింది, వర్తకం పోయింది, జనం తరలిపోయారు.

ఈ నగరం ఫలానా పాపానికి శిక్షగా నశించిందని తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. ఆ జ్ఞానం అల్లాహ్‌కే ఉంది. అయితే మన హృదయాల సంగతేమిటి? దాసుడు పాపం చేస్తే హృదయంపై ఒక నల్లమచ్చ పడుతుందనీ, పశ్చాత్తాపపడితే అది తొలగిపోతుందనీ, పాపాలు చేస్తూపోతే మచ్చలు హృదయాన్నంతా కమ్మేస్తాయనీ దైవప్రవక్త (సల్లం) హెచ్చరించారు. ఒక నమాజు జారవిడవడం, ఒక అబద్ధం, ఒకరి హక్కు కాజేయడం... పూడిక పిడికెడు పిడికెడుగానే చేరుతుంది.

ఎఫెసస్ పక్కనే కొండవాలులో ఒక గుహ ఉంది. గుహవాసులు నిద్రించింది ఇక్కడేనని పలువురు వ్యాఖ్యాతలు భావించారు. అమ్మాన్ దగ్గర మరో గుహనూ చూపిస్తారు. ఖుర్ఆన్ ఊరి పేరు చెప్పలేదు, ఆ యువకుల పేర్లూ చెప్పలేదు. వారి విశ్వాసాన్ని మాత్రం చెప్పింది. పాలరాతి కట్టడాలు కూలిపోయాయి. పేరైనా తెలియని ఆ యువకుల గాథను ముస్లిములు నేటికీ ప్రతి శుక్రవారం పఠిస్తున్నారు.

మన వెనుక ఏది మిగలాలి? రేవు పూర్తిగా పూడకముందే ఆలోచిద్దాం. తౌబా ద్వారం ఇంకా తెరిచే ఉంది.