పేర్లు మారిన దీవి – రీయూనియన్

తమ్ముళ్ళూ! స్టడీ అవర్‌లో గోడ మీది ప్రపంచ పటం ముందు నిలబడి ఊర్లు వెతికే ఆట మన హాస్టల్లో ఎప్పటినుంచో ఉంది. ఒకడు పేరు చెబితే ఇంకొకడు వేలు పెట్టి చూపాలి. నేను తొమ్మిదో తరగతిలో రీయూనియన్ దగ్గర ఓడిపోయాను. మడగాస్కర్ పక్కనున్న ఆ చుక్కను ఈగ మచ్చ అనుకున్నాను. పీజీలో జాగ్రఫీ చదువుతుంటే అదే పేరు మళ్ళీ ఎదురైంది. ఆ పాత బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను.

ఈ దీవి హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున సుమారు 700 కి.మీ. దూరంలో ఉంది. విస్తీర్ణం 2,512 చదరపు కిలోమీటర్లే. అయినా దీని మీద 3,000 మీటర్లు దాటిన పితోన్ దె నేజ్ శిఖరం ఉంది. అగ్నిపర్వతాల లావా సముద్రం అడుగు నుంచి పేరుకుని దీవి అయ్యింది. ఆగ్నేయాన ఉన్న పితోన్ ద లా ఫుర్నేజ్ ఇప్పటికీ లావా కక్కుతుంది. ఆ పేరుకు అర్థం కొలిమి కొండ. తేమగాలులు ఈ కొండలకు తగిలి తూర్పు వైపు కుండపోతగా కురుస్తాయి. 1966 జనవరి తుఫానులో ఫోక్‌ఫోక్ అనే చోట 24 గంటల్లో 1,825 మి.మీ. వాన పడింది. అంటే హైదరాబాద్‌లో రెండేళ్ళు కురిసే వానకన్నా ఎక్కువ.

ఇక పేర్ల సంగతి. ఫ్రెంచివాళ్ళు 1649లో తమ రాజవంశం పేరున దీన్ని బూర్బోన్ అన్నారు. విప్లవం వచ్చి రాజు పోయాక, 1793లో రీయూనియన్ అయ్యింది, అంటే కలయిక. 1806లో బోనపార్ట్ దీవి. 1810లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నాక మళ్ళీ బూర్బోన్. 1848లో తిరిగి రీయూనియన్. 1946 నుంచి ఫ్రాన్సులో ఒక జిల్లా లాంటిది, అక్కడ చెల్లేది యూరో. గద్దె మీద ఎవరుంటే వారి పేరు!

కొండల నడుమ లోయల పేర్లు మాత్రం పారిస్‌లో పెట్టినవి కావు. సిలావోస్ మడగాస్కర్ భాష నుంచి వచ్చిందనీ, వదిలిపోని చోటు అని అర్థమనీ అంటారు. మఫాత్ ఒక బానిస నాయకుడి పేరట. తోటల నుంచి పారిపోయిన బానిసలు దాక్కున్నది ఈ లోయల్లోనే. మఫాత్‌కు ఇప్పటికీ రోడ్డు లేదు. నడిచి వెళ్ళాలి, లేదా హెలికాప్టర్ ఎక్కాలి.

నన్ను ఆపేసింది ఎడ్మండ్ కథ. అతను బానిస కుర్రాడు. మెక్సికో నుంచి తెచ్చిన వనిల్లా తీగ అక్కడ పూసేది గానీ కాసేది కాదు. 1841లో, 12 ఏళ్ళ వయసులో, చిన్న పుల్లతో పువ్వులోని పొర ఎత్తి, బొటనవేలితో నొక్కి పరాగసంపర్కం చేయడం కనిపెట్టాడు. ఇప్పటికీ వనిల్లా తోటల్లో చేసేది అదే. బానిసకు ఇంటిపేరు ఉండదు. 1848లో విడుదలయ్యాకే ఆల్బియస్ అని పేరు దక్కింది. 1880లో పేదరికంలోనే చనిపోయాడు. ఆ సరుకును మాత్రం బజారులో నేటికీ బూర్బోన్ వనిల్లా అనే అంటున్నారు, రాజుగారి పేరుతో! ఒకటో తరగతిలో నా పేరు రిజిస్టర్లో తప్పుగా ఎక్కింది. దాన్ని ఇప్పటికీ సర్టిఫికెట్లలో మోస్తున్నాను కాబట్టి ఈ భాగం రెండుసార్లు చదివాను.

మనవాళ్ళకూ ఈ దీవితో సంబంధం ఉంది. 1828లో, అప్పటి ఫ్రెంచి యానాం నుంచి తెలుగు కూలీలను అక్కడికి తీసుకుపోయారు. తర్వాత వేలమంది తమిళులు వెళ్ళారు. వీళ్ళందరికీ అక్కడ పెట్టిన పేరు మల్బార్లు. మలబారు కేరళ తీరం. వాళ్ళలో చాలామంది ఆ తీరాన్ని ఎన్నడూ చూసినవాళ్ళు కారు.