ఫోన్ పగలగొట్టకండి, సాక్ష్యం అందులోనే ఉంది

బిడ్డ ఫోనులో చూడకూడనిది కంటపడినా, ఎవడో ఫోటో దగ్గర పెట్టుకుని బెదిరిస్తున్నాడని తెలిసినా, చాలా ఇళ్లల్లో మొదట బిడ్డ చెంప పగులుతుంది. తర్వాత ఫోను నేలకు కొడతారు, లేదా ఉన్నదంతా చెరిపేస్తారు. ఆ పైన గడప దాటి మాట పోకూడదని ఒట్టు వేయించుకుంటారు. భయంతో, ప్రేమతో చేసే ఈ పనుల వల్ల మేలు జరిగేది నేరగాడికే. వాడు కోరుకునేదీ ఇంట్లోవాళ్లు నోరు మూసుకోవడమే.

కుప్పంలో తెల్లవారుజామునే రైలెక్కి బెంగళూరు పనులకు పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరే తల్లిదండ్రులు ఎందరో. మదనపల్లెలో టమోటా కోతలు మొదలైతే తోటకీ మార్కెట్‌కీ తిరగడంతోనే సరిపోతుంది. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో పాడి పనికి వేళాపాళా ఉండదు. పిలకాయలు అవ్వాతాతల దగ్గర ఉంటారు. కరోనా కాలంలో ఆన్‌లైన్ క్లాసులకని అప్పు చేసి కొన్న ఫోనే ఇప్పటికీ వాళ్లకు తోడు. ఇది ఆ తల్లిదండ్రుల తప్పని నేననను. కానీ ఆ ఫోను వెనక ఉన్న చట్టం వాళ్లకు తెలిసి తీరాలి.

2024 జులైలో తెలుగువాళ్లందరినీ కదిలించిన కేసు ఒకటుంది. ఒక తండ్రి, చిన్న కూతురు ఉన్న మామూలు వీడియోను తీసుకుని, ఒక యూట్యూబర్ తన స్నేహితులతో కలిసి లైవ్‌లో లైంగికమైన వ్యాఖ్యలు చేశాడు. నటుడు సాయి దుర్గా తేజ్ (సాయి ధరమ్ తేజ్) దాన్ని బయటపెట్టి, రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ చర్య తీసుకోమని కోరారు. వారం తిరక్కముందే తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పోలీసులు నిందితుణ్ణి బెంగళూరులో అరెస్టు చేశారు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం, ఐటీ చట్టం కింద కేసు పెట్టారు. కుటుంబం ముచ్చటపడి పెట్టుకున్న వీడియో ఎవరి చేతిలో ఏమవుతుందో ఆ కేసు చూపించింది. పిల్లల ఫోటోలు పెట్టేటప్పుడు జాగ్రత్తగా ఉండమని ఆ నటుడు తల్లిదండ్రులను వేడుకున్నది అందుకే. రాష్ట్రం దాటితే చట్టం అందుకోలేదనే ధీమా పనికిరాదని కూడా అదే కేసు చెప్పింది. కర్ణాటక, తమిళనాడు రెండూ ఆనుకుని ఉన్న కుప్పం వాళ్లకు ఈ మాట మరీ ముఖ్యం.

ఇక చట్టం సంగతి. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లంతా, ఆడైనా మగైనా, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బాలలే. లైంగిక ఉద్దేశంతో బిడ్డకు అశ్లీల దృశ్యాలు చూపించడం, ఫోనులో పదేపదే వెంటపడటం సెక్షన్ 11 కింద నేరాలు. బిడ్డ శరీరాన్ని చూపే ఫోటో వాడతానని బెదిరించడమూ అంతే. ఆ ఫోటో నిజమైనది కానక్కర్లేదు, కల్పించినదైనా నేరమే. ఈ రోజుల్లో ఎవరి ముఖాన్నయినా ఎవరి ఒంటికైనా అతికించే యాప్‌లు వచ్చాయి కాబట్టి ఇది గుర్తుంచుకోండి. శిక్ష మూడేళ్ల దాకా ఉంటుంది. ఐటీ చట్టం సెక్షన్ 67బి ఇంకా కఠినం. పిల్లల లైంగిక దృశ్యాలు తయారుచేసినా, పంపినా, వెతికినా, డౌన్‌లోడ్ చేసినా, లైంగిక ఉద్దేశంతో పిల్లలను ఆన్‌లైన్ స్నేహంలోకి లాగినా మొదటిసారి ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా.

మాయమాటలు నమ్మి బిడ్డే తన ఫోటో పంపి ఉండవచ్చు. అప్పుడు కూడా చట్టం కంటికి ఆ బిడ్డ బాధితురాలు. ఈ ఒక్క మాట మీ పాపకు ముందే చెప్పి ఉంచండి. అమ్మ తిడుతుందన్న భయం లేని పిల్లలే మొదటి బెదిరింపు రాగానే వచ్చి చెబుతారు.

మంచి మనుషులే తప్పులో కాలేసే చోటొకటుంది. పిల్లలపై అఘాయిత్యం చూపే వీడియో వాట్సాప్‌లో వస్తే, 'ఈ దుర్మార్గుణ్ణి పట్టుకోండి' అని పది గ్రూపులకు పంపుతారు. అది కూడా ఆ బిడ్డను మళ్లీ బజారుకీడ్చడమే, చట్టరీత్యా నేరమే. అలాంటి దృశ్యాలను దగ్గర ఉంచుకోవడం గురించి సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న గట్టి తీర్పు ఇచ్చింది. సొంతానికి చూసుకుంటే నేరం కాదన్న మద్రాసు హైకోర్టు తీర్పును కొట్టేసింది. మీకు అలాంటిది వస్తే ఎవరికీ పంపకండి, వెంటనే పోలీసులకు తెలియజేయండి.

మీ బిడ్డే బాధితురాలైతే ఫోనులో ఏదీ చెరపకండి, ఫార్మాట్ చేయించకండి. బెదిరించినవాడి ఫోన్ నంబరు, ఖాతా పేరు, లింకు, మెసేజ్‌ల తేదీలు కాగితం మీద రాసుకోండి. బెదిరింపు మాటలకు స్క్రీన్‌షాట్ తీయండి. బిడ్డ నగ్న చిత్రాలను మాత్రం సాక్ష్యమని చెప్పి బంధువులకు పంపొద్దు, ఫోనునే పోలీసులకు అప్పగించండి. డబ్బు కూడా పోయి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాలకు వేరే విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. బిడ్డకు సాయం కావాలంటే 1098, ప్రమాదం ముంచుకొస్తే 112. 'వాడు బెంగళూరులో ఉన్నాడు, మా పరిధి కాదు' అని స్టేషన్‌లో అంటే, పరిధితో పనిలేకుండా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 173లో ఆ హక్కు మీకిచ్చింది.

బిడ్డను స్టేషన్ మెట్లెక్కించాలా అని వెనకాడతారు. అక్కర్లేదు. వాంగ్మూలం మీ ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాం వేసుకోకూడదు. తల్లో తండ్రో పక్కన ఉండాలి. బిడ్డ పేరు, బడి, ఊరు బయటపెట్టిన పత్రికలకూ ఛానెళ్లకూ శిక్ష ఉంది.

పెద్దమనుషులు కూర్చుని డబ్బుతో తెగ్గొట్టే పంచాయితీ ఇందులో చెల్లదు. పోక్సో నేరం జరిగిందని తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడమే నేరం, ఆరు నెలల దాకా శిక్ష. బడిలో విషయం దాచిపెట్టే ప్రధానోపాధ్యాయుడికీ ఇది వర్తిస్తుంది. ఇరుపక్షాలూ రాజీపడ్డాయన్న కారణంతో ఇలాంటి కేసు కొట్టేయడం కుదరదని సుప్రీంకోర్టు 2024 నవంబరు 7న ఒక రాజస్థాన్ కేసులో తేల్చింది. అవతలివాడు తోటి విద్యార్థే అయితే? అప్పుడు విచారణ జువెనైల్ జస్టిస్ బోర్డులో జరుగుతుంది. ఆ పిల్లవాణ్ణి కొట్టడం, వాడి ఫోటో ఊరంతా తిప్పడం మీ మీదికే కేసు తెస్తుంది.

కేసు నడుస్తుండగానే ఆన్‌లైన్‌లో ఉన్న ఫోటోను తొలగింపజేయాలి. 2021 ఐటీ నియమాల ప్రకారం నగ్న చిత్రాలు, మార్ఫింగ్ చిత్రాలపై బాధితులో, వారి తరఫున ఇంకొకరో ఫిర్యాదు చేస్తే కంపెనీ రెండు గంటల్లోపే తొలగించాలి. అమెరికాలోని తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రం నడిపే 'టేక్ ఇట్ డౌన్' సేవ కూడా ఉచితం. ఫోటో మీ ఫోను దాటి పోదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే తీసుకుని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వేదికలు దాన్ని అడ్డుకుంటాయి.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతాకు పదమూడేళ్లు నిండాలి. పదేళ్ల బిడ్డకు పుట్టినతేదీ మార్చి మనమే ఖాతా తెరిస్తే, పిల్లల కోసం ఆ కంపెనీ పెట్టిన రక్షణలను మనమే తీసేసినట్టు. గూగుల్ ఫ్యామిలీ లింక్ ఉచితంగా దొరుకుతుంది. రోజుకు ఎంతసేపు, ఏ యాప్ అన్నది బెంగళూరులో పనిచోటు నుంచే మీరు నిర్ణయించవచ్చు. అయితే దాన్ని పెట్టిన సంగతి అవ్వాతాతలకూ చెప్పండి, లేకపోతే పాప ఏడవగానే వాళ్ల ఫోను చేతికిస్తారు.

వకీలు ఫీజుకు భయపడి ఆగకండి. న్యాయ సేవల చట్టం 1987 ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మీ కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార కమిటీలో తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే చాలు, లేదా 15100కు ఫోన్ చేయండి.