ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఒక దినము

హాలెండు దేశమునందు డెల్ఫ్టు అను పట్టణము కలదు. అచ్చటి సాంకేతిక విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు విద్య నభ్యసించుటకై మన దేశమునుండియు పలువురు విద్యార్థులు పోవుచుందురు. అట్టివారు ఎనమండుగురు ఒక శనివారము ఉదయమున రైలెక్కి ఆమ్‌స్టర్‌డామ్ నగరమును చూడబోయిరి. ప్రయాణము ఒక గంట మాత్రమే.

వారిలో ఒక బాలిక బందరు వాస్తవ్యురాలు. ఆమె తాతగారు పెడనలో అద్దకపుపని చేసినవారు. బందరులో వలందపాలెమను పేట యున్నది. 'వలందు' లనగా హాలెండువారే. ఆ ఊరనే వారి పాత శ్మశానమును కలదు. అచ్చటి సమాధులపై చెక్కిన పరభాషాక్షరములను ఆమె చిన్ననాట వ్రేలితో తడవి చూచెడిది. వీరు ఇంత దూరమేల వచ్చిరి? ఏమి కొనిపోయిరి? ఈ ప్రశ్నలు ఆమెతో డెల్ఫ్టు వరకును వచ్చినవి.

స్టేషనులో విశ్రాంత ఉపాధ్యాయుడొకడు వారికొఱకు వేచియుండెను. ఆయన మొదట చేసిన హెచ్చరిక నగరచరిత్రను గూర్చినది కాదు. "సైకిళ్ళు వచ్చుచుండును, చూచి నడువుడు" అనెను. ఆ మాట ముగియకముందే ఒక సైకిలు గంట మ్రోగించుచు వారి నడుమనుండి దూసికొనిపోయెను.

ఆమ్‌స్టెల్ అను నదికి కట్టిన ఆనకట్టయే ఈ నగరమునకు పేరైనది. 'డామ్' అనగా ఆనకట్ట. 1275వ సంవత్సరమున హాలెండు ప్రభువు ఐదవ ఫ్లోరిస్ ఈ ఆనకట్టచెంత నివసించువారికి సుంకము మినహాయించుచు ఒక శాసనము నిచ్చెను. నగరము పేరు కనవచ్చు తొలి పత్రమదియే. సుంకపు మినహాయింపుతో చరిత్రలో ప్రవేశించిన ఊరు వర్తకనగరమగుట వింత కాదు.

విద్యార్థులు నిలిచియున్న స్టేషను, అటుపిమ్మట చూచిన రాజభవనము, కాలువల గట్లమీది పాత యిండ్లు, అన్నియు కొయ్యమీదనే నిలిచియున్నవి. అచ్చటి నేల బురదనేల. దానిలోనికి పొడవైన దుంగలను దిగగొట్టి, గట్టి యిసుకపొర తగిలినపిమ్మట వానిపై గోడలు లేపిరి. రాజభవనము క్రింద 13,659 దుంగలున్నవట. 1655లో అది పురపాలకమందిరముగా ప్రారంభింపబడినది. రాజభవనమైనది 1808లో మాత్రమే.

"ఇన్ని వందల యేండ్లు కొయ్య చివుకకుండునా?" అని ఒక విద్యార్థి అడిగెను.

"నీటిలో పూర్తిగా మునిగియున్నంతవఱకు చివుకదు. నీరు తగ్గి గాలి సోకినచో బూజు పట్టి చెడిపోవును. కావున నీరెక్కువైనను మాకు భయమే, తక్కువైనను భయమే" అని ఉపాధ్యాయుడు నవ్వెను.

1613లో త్రవ్వ మొదలిడిన పెద్దకాలువల గట్లవెంట వారు నడచిరి. ఇండ్లు సన్నమై, ఎత్తై, ఒకదాని నొకటి ఒరసికొనియున్నవి. ప్రతి యింటి కొప్పునను ఒక దూలము ముందునకు చాచుకొని యుండెను. దాని చివర కొక్కెము. మెట్లు ఇరుకగుటచే బరువులను త్రాటితో వెలుపలినుండియే పైకి లాగుదురు. పూర్వము ఈ యిండ్ల పై అంతస్తులు గిడ్డంగులు. మిరియములు, లవంగములు, గుడ్డల మూటలు ఈ కొక్కెములకు వ్రేలాడుచు పైకెక్కినవి. బందరు బాలిక ఒక దూలమును చాలసేపు తలయెత్తి చూచుచుండెను.

పిమ్మట వారు తూర్పిండియా వర్తకసంఘపు భవనమునకు పోయిరి. నేడది విశ్వవిద్యాలయమునకు చెందినది. పదునేడుగురు డైరెక్టరులు కూర్చుండి సగము ప్రపంచపు వ్యాపారమును నడపిన గదిని పూర్వపు రూపమున తిరిగి అమర్చియుంచిరి. ఈ సంఘము 1602లో స్థాపింపబడినది. మూలధనము సుమారు 64 లక్షల గిల్డరులు. అందు సగమునకు పైగా ఆమ్‌స్టర్‌డామువారు ఇచ్చినదే. ఆ నగరమున సొమ్ము పెట్టినవారు 1,143 మంది. అందరును ధనికులు కారు. చందాపుస్తకము నుంచిన యింటిలో పనిచేయు పనికత్తెయు నూరు గిల్డరులు వ్రాయించినది. 1610లో తొలి లాభమును పంచినపుడు నాణెములకు బదులు జాపత్రి నిచ్చిరి! జాపత్రిని మూటగట్టుకొని యింటికి పోయిన భాగస్థుల ముఖము లెట్లుండెనో కదా.

"మఱి మా ఊరి కేల వచ్చిరి? మా తీరమున జాపత్రి లేదు, లవంగములు లేవు" అని బాలిక అడిగెను.

ఆ ప్రశ్నకు ఉపాధ్యాయుడు సంతోషించి ఒక అరుగుపై కూర్చుండి చెప్పసాగెను. సుగంధద్రవ్యములు పండు దీవులవారికి ఐరోపా సరకులపై అంత మక్కువ లేదు. వారు కోరినవి కోరమాండల్ తీరపు గుడ్డలు. కావున హాలెండువారు వెండి తెచ్చి మన తీరమున గుడ్డలు కొని, ఆ గుడ్డలను దీవులకు కొనిపోయి, అచ్చట సుగంధద్రవ్యములను సంపాదింపవలసి వచ్చెను. అందులకే 1606లో గోలకొండ సుల్తాను అనుమతి పొంది బందరులో కోఠీ తెఱచిరి. కృష్ణాతీరపు నేతగాడును అద్దకపువాడును లేనిదే ఈ కాలువగట్టు గిడ్డంగులకు రావలసిన సరకు వచ్చియుండెడిది కాదు.

మధ్యాహ్నము వారు రైక్స్ మ్యూజియమునకు పోయిరి. తక్కినవారు రెంబ్రాంటు చిత్రించిన గొప్ప పటముచుట్టును మూగిరి. బాలిక మాత్రము మసకవెలుతురు గదిలో ఒక అద్దపు పెట్టెయొద్ద నిలిచిపోయెను. ప్రాతగుడ్డకు వెలుగు పడదు. కావుననే అచ్చట దీపములు తగ్గింతురు. పెట్టెలో నున్నది స్త్రీలు ధరించు రవిక. కోరమాండల్ తీరపు అద్దకముతో కుట్టినది. డచ్చిభాషలో ఇట్టి గుడ్డను 'సిట్స్' అందురు. మనవారి 'చీటిగుడ్డ' యును ఆ మాటకు చుట్టమే. తీగలు, పూవులు, వానినడుమ ఎఱుపు.

ఇపుడు చెప్పువారు మాఱిరి. గుడ్డను కరక్కాయ కషాయమున ముంచుట, పటికనీటితో పూవులు వ్రాయుట, చిరివేరుతో ఉడికించినపుడు పటిక తగిలినచోట మాత్రమే ఎఱుపు పట్టుట, పాఱు నీటిలో మఱలమఱల ఉతికి యెండవేయుట, ఇవన్నియు బాలిక చెప్పుచుండగా ఉపాధ్యాయుడు శ్రద్ధతో వినెను. ఉతికినకొలది వెలయు ఐరోపా రంగుల నడుమ, ఉతికినను చెదరని ఈ రంగు ఆనాటివారికి అద్భుతముగా తోచినది.

వెలుపలికి వచ్చినపిమ్మట ఆయన కొంతసేపు మౌనముగా నడచెను. ఆపై, "పుస్తకములలో జమకట్టినది గుడ్డలు మాత్రమే కాదు" అనెను. జాజికాయ వర్తకమును తమకే దక్కించుకొనుటకై 1621లో కోయన్ అను అధికారి బాందా దీవులపై దండెత్తెను. ఆ దీవులవారు సుమారు 15,000 మంది. అచ్చట మిగిలినవారు వేయిమంది మాత్రమే. కోరమాండల్ తీరమున కఱవు వచ్చినపుడు తిండిలేక అమ్ముడుపోయిన వారిని బానిసలుగా కొని, ఈ సంఘపు ఓడలే సింహళమునకును బటావియాకును వేలకొలదిగా చేరవేసినవి. ఆ లెక్కలును ఇతర సరకుల లెక్కలవలెనే వ్రాయబడినవి. బానిసవ్యాపారమున నగరమునకు గల భాగమునకై 2021 జులై 1న ఆమ్‌స్టర్‌డామ్ మేయరు బహిరంగముగా క్షమాపణ చెప్పెను.

"నా బాల్యమున బడిలో మాకు ఓడలపేర్లు నేర్పిరి. ఓడలలోని మనుష్యులను గూర్చి చెప్పలేదు" అని ఆయన ముగించెను. ఎవరును మాటాడలేదు. కాలువలో ఒక పడవ యాత్రికులతో సాగిపోవుచుండెను.

సాయంకాలము స్టేషనుచేరి, రైలునకు వేచియుండగా బాలిక పెడనకు టెలిఫోను చేసెను. తాతగారు భోజనము ముగించి పండుకొనబోవుచుండిరి.

"తాతయ్యా, మన తీరపు అద్దకము చూచితిని. మూడువందల యేండ్లనాటిదట. ఎఱుపు ఇంకను వెలియలేదు."

"ఉతికిన నీరు మంచిదై యుండునమ్మా" అని ఆయన తృప్తిగా పలికి, వెంటనే, "గుడ్డను త్రిప్పి చూచితివా? రంగు వెనుకకు సమముగా దిగినదా? పనివాని చేయి తెలియునది అచ్చటనే" అని అడిగిరి.

"లేదు తాతయ్యా. అద్దము అడ్డమున్నది" అని ఆమె చెప్పెను. డెల్ఫ్టు రైలు వచ్చి నిలిచెను.