శ్రుతి తెలియని చెవి

వేదమును శ్రుతి యందురు. గానమునకు ఆధారమైన నాదమును కూడ శ్రుతి యనియే అందురు. రెండును చెవి ద్వారా లభించునవే. కాని చెవులున్న వారందరికీ రెండును లభించుట లేదు.

భజనగోష్ఠిలో ఒక్కొక్కరి గొంతు తంబురాతో ఎంతమాత్రము కలియదు. ఇట్టివారిలో పెక్కుమందికి కొరత అభ్యాసముననే. చెవి పట్టినదానిని గొంతు పలుకలేదు, అంతే. పుట్టుకతో స్వరభేదమే తెలియనివారు వేరు. వీరికి మాట స్పష్టముగా వినిపించును, వినికిడిలో లోపము లేదు. కాని షడ్జమమును శుద్ధరిషభమును పలికినచో రెండును ఒక్కటిగానే తోచవచ్చును. తాము శ్రుతి తప్పుచున్నట్లు తమకే తెలియదు. నాదభేదమును గుర్తించు పని మెదడులో జరుగును. లోపమచ్చటనే యని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇట్టివారు నూటికి నలుగురని 1980లో అంచనా వేసిరి. 2017లో వెలువడిన పెద్ద పరిశీలనలో వేయికి సుమారు పదునైదుగురే యని తేలినది. కావున "నీకు సంగీతము రాదు, ఊరకుండుము" అని పిల్లవానిని గోష్ఠి నుండి లేపు పెద్దలు తొందరపడుచున్నారనియే చెప్పవలెను. నిజముగా స్వరము తెలియని బిడ్డయే అయినను గోవిందనామమునకు శ్రుతిపెట్టె అడ్డు రావలెనా?

రెండవ చెవుడు ఇంతకంటె కష్టమైనది. పుత్రశోకములో నున్న యింటికి పోయి తమ కుమారుని ఉద్యోగవైభవమును వర్ణించువారు కలరు. వారికి రాగతాళములన్నియు తెలిసియుండవచ్చును. ఎదుటివాని గుండెలోని శ్రుతి మాత్రము చెవిని పడదు. చెవిటివాని ముందు శంఖ మూదినట్లన్న సామెత ఇట్టివారికే తగును.

తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) చరిత్రను ద్విపదలో రచించిన మనుమడు చిన్నన్న చెప్పిన వృత్తాంత మొకటి కలదు. 1485లో విజయనగర సింహాసన మధిష్ఠించిన సాళువ నరసింహరాయలు, అంతకు పూర్వమే ఆచార్యుని ఆదరించినవాడు. శ్రీవేంకటేశ్వరునిపై శృంగారపద మొకటి విని పరవశించి, అట్టిదే తనపైనను చెప్పుమని కోరెను. రసికుడే, సందేహము లేదు. రాగము, పదముల సొంపు, అన్నియు విన్నాడు. ఆ పాట యెవరిదో అదొక్కటే వినలేదు. ఆచార్యుడు "హరి హరీ" యని చెవులు మూసికొనెను. రాజు ఆగ్రహించి సంకెళ్లు వేయించెను. చెరలో ఆయన స్వామిని పాడగా సంకెళ్లు వీడినవట. రాజు నమ్మక మరల వేయించి, తన యెదుటనే పాడుమనెను. మరల వీడినవి. అప్పుడు రాజు ఆయన పాదములపై పడెను.