పచ్చి బాలింత మంచం, పసిగుడ్డు పక్క

ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాక మా ఇంట్లోనే పురుళ్లు చూసుకున్నాను. కూతురిదీ ఆపరేషనే, కోడలిదీ ఆపరేషనే. ఇప్పుడదేం వింత కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. దేశం మొత్తం మీద చూస్తే 21.5 శాతమే. ఎందుకు కోస్తున్నారు, ఎవరు అడిగితే కోస్తున్నారు అన్నది వేరే పంచాయితీ, దాని జోలికి ఇక్కడ పోను. నా బాధల్లా ఒకటే. ఇంటింటా ఆపరేషన్ బాలింతలే ఉన్నా, పడకలు మాత్రం మామూలు కాన్పుల రోజుల్లో వేసినట్టే వేస్తున్నాం. ఉయ్యాల టేకుదా, ఇనపదా, ఏ వైపు వాళ్లు కొనాలి అని నెల ముందు నుంచీ చర్చలు నడుస్తాయి. కుట్లున్న మనిషి చెయ్యి దాని దాకా అందుతుందా అని ఒక్కరూ అడగరు. ఈ మాటలు కడుపుతో ఉన్న అమ్మాయిలకంటే వాళ్ల అమ్మలూ అత్తలూ వింటే మేలు.

1. ముందు తల్లి మంచం తేల్చండి, ఉయ్యాల తర్వాత.

మా అమ్మల కాలంలో బాలింతకు చాప, లేదంటే నులక మంచం. ఆపరేషన్ అయిన మనిషికి రెండూ పనికిరావు. చాప మీద నుంచి లేవాలంటే పొట్ట కండరాలన్నీ బిగియాలి. నులక మంచంలో నడుం గుంటలో పడుతుంది, అందులోంచి బయటపడటం ఇంకో ప్రయాస. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనేంత ఎత్తున్న గట్టి మంచం కావాలి.

ఇక లేవడం. పచ్చి బాలింత వెల్లకిలా పడుకుని ఉన్నపళంగా లేవకూడదు. మోకాళ్లు ముడవాలి, ఒంటినంతా ఒక్కసారే పక్కకు తిప్పాలి, కాళ్లు మంచం దించాలి, అప్పుడు మోచెయ్యి, అరచెయ్యి ఊతంగా పైకి రావాలి. దగ్గొస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవాలి. ఇదంతా ఆస్పత్రిలోనే చేయించి చూపిస్తాం. ఇంటికెళ్లాక జరిగేదేమిటంటే, సరిగ్గా ఆ కాళ్లు దించే చోటే ఉయ్యాల తెచ్చి మంచానికి ఆనించి పెడతారు. అమ్మాయి కాళ్లు దించలేదు, అవతలి వైపు గోడ. చేసేదిలేక పొట్ట మీద బలం పెట్టి లేస్తుంది, కుట్లు లాగేస్తాయి.

అందుకని, ఆమె ఏ పక్కకు తిరిగి లేస్తుందో అడగండి. ఆ వైపే, తలగడ దగ్గరగా బిడ్డ పడక పెట్టండి. నడుం దగ్గర నుంచి కింది భాగమంతా కాళ్లు దించడానికి ఖాళీగా వదలండి. ఆమె పడుకుని ఉండగానే బిడ్డను చూడగలగాలి, కూర్చుంటే చెయ్యి అందాలి. ఇంతకు మించి శాస్త్రం లేదు.

2. లోతు తొట్టెలు అటక మీదే ఉండనివ్వండి.

తాతల నాటి చెక్క ఉయ్యాల ముచ్చటగానే ఉంటుంది. దాని అడుగునుంచి బిడ్డను తీయాలంటే మాత్రం నడుం వంచి, చేతులు చాచి ఎత్తాలి. ఆరు వారాల దాకా బిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తొద్దని డాక్టర్లు చెబుతారు. కానీ వంగి ఎత్తితే మూడు కిలోల బిడ్డ కూడా కుట్లకు బరువే. పైగా ఊగే ఉయ్యాల, చెయ్యి వేయగానే అవతలికి పోతుంది. తల్లి మంచం ఎత్తులో, కదలకుండా నిలిచేది, అంచులు మరీ ఎత్తు లేనిది చూడండి. అడుగు చదునుగా, గట్టిగా ఉండాలి.

చీర ఉయ్యాల గురించి తప్పకుండా అడుగుతారు. ఎర్రటి ఎండలో పొలం గట్టున చెట్టుకు కట్టిన జోలెలో పిల్లల్ని పెంచిన జాతి మనది, కాదనను. అయితే గుడ్డ వంపులో పసిబిడ్డ మెడ ముందుకు వంగి గడ్డం గుండెకు ఆనుతుంది. ఇంకా మెడ నిలవని బిడ్డ, ఊపిరి దారి ఇరుకైనా తనంతట తను తల ఎత్తుకోలేదు. పగలు ఎదురుగా ఎవరైనా కూర్చుని చూస్తుంటే కాసేపు ఊపండి. రాత్రి నిద్రకు మాత్రం వద్దు.

3. ఆస్పత్రి మంచం మీద బిడ్డను పక్కలో వేసి వెళ్లిపోకండి.

వెన్నులో మత్తిచ్చాక కాళ్లు కొన్ని గంటలు మొద్దుబారే ఉంటాయి. నొప్పి మందుల్లో కొన్ని మగత కూడా తెస్తాయి. మంచమేమో సన్నం. చూడొచ్చిన వాళ్లు "తల్లి వెచ్చదనం తగలాలమ్మా" అని పక్కలో పెట్టి కాఫీకి పోతారు. తల్లి వెచ్చదనం ఇవ్వాల్సిందే, అది ఎదురుగా తోడు కూర్చున్నప్పుడు, తల్లి మెలకువగా ఉన్నప్పుడు. ఆమె కన్ను మూతపడితే బిడ్డ తొట్టెలోకి పోవాలి.

4. ఒకే పక్క మీద పడుకోవచ్చా?

మన ఇళ్లలో పడుకుంటూనే ఉన్నాం, దాచేదేముంది. అయినా అడిగారు కాబట్టి చెబుతాను. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో చెప్పింది ఇదే: కనీసం ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, కానీ వేరే పడక మీద, వెల్లకిలా పడుకోవాలి. ఆపరేషన్ తల్లికి ఇది మరీ అవసరం. మందుల మగత, నిద్రలేమి రెండూ కలిస్తే, మామూలుగా బిడ్డ కదిలితే లేచే తల్లి కూడా మొద్దు నిద్ర పోతుంది.

పాలివ్వడానికి మాత్రం పక్కకు తిరిగి పడుకుని ఇవ్వడమే సుఖం, కుట్ల మీద బరువు పడదు. కూర్చుని ఇచ్చేట్టయితే బిడ్డ కాళ్లు తల్లి చంక కిందుగా వెనక్కి పోయేట్టు పట్టుకోవాలి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు ఇచ్చే పాలు ఇవి, కాబట్టి పట్టుకునే తీరు చిన్న విషయం కాదు. తాగడం అయ్యాక బిడ్డను దాని పడక మీదికి చేర్చే పని ఇంకొకరిది.

ఇల్లు చిన్నది, వేరే దారి లేదంటారా? గట్టి పరుపు, బిడ్డ తల దగ్గర దిండు లేకుండా, దుప్పటి లేకుండా, ఇద్దరు పెద్దల మధ్య కాకుండా, మంచం అంచుకూ గోడ సందుకూ దూరంగా వేయండి. పొగ తాగేవాళ్లు, మందు తాగినవాళ్లు ఆ పక్క మీదికి రాకూడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, రెండున్నర కిలోల లోపు బిడ్డకు ఈ వెసులుబాటు కూడా లేదు.

అన్నిటికంటే ప్రమాదం సోఫా. పడుకుంటే కుట్లు నొప్పని అమ్మాయిలు వాలు కుర్చీలో, సోఫాలో బిడ్డను గుండె మీద వేసుకుని అలాగే నిద్రపోతారు. బిడ్డ మెత్తల మధ్యకు జారితే ఊపిరాడదు. చూశారంటే ముందు బిడ్డను తీసుకుని, తర్వాత తల్లికి దుప్పటి కప్పండి.

5. ఆవాల దిండు మానండి.

తల గుండ్రంగా రావాలని పెడతారు. నిద్రలో ఒకరోజు కుడికి, ఒకరోజు ఎడమకు తల తిప్పి పడుకోబెట్టండి, మెలకువగా ఉన్నప్పుడు మీ ఎదురుగా కాసేపు బోర్లా వేయండి, తల అదే సర్దుకుంటుంది. వెల్లకిలా వేస్తే కక్కిన పాలు పొరబోతాయని ఇంకో భయం. వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, ఆహార నాళం కింద ఉంటాయి, కక్కిన పాలు కిందికే పోతాయి. అమెరికాలో 1994 నుంచి పిల్లల్ని వెల్లకిలా వేయమని ప్రచారం చేశాక నిద్రలో అకస్మాత్తుగా పోయే పసివాళ్ల సంఖ్య సుమారు సగానికి తగ్గింది.

6. వేపమండ, ఇనప ముక్క పెట్టాలనుకుంటే తొట్టె కింద నేల మీద పెట్టండి. దిష్టికి అక్కడి నుంచైనా పని చేస్తుంది.

7. రాత్రి తోడు కూడా పడకలో భాగమే.

మా అల్లుడు పురిటికి వచ్చి ఇక్కడే ఉన్నాడు. మొదటి రాత్రి బిడ్డ ఏడ్చింది. నేను లేవబోయేలోగా చీకట్లోంచి గొంతు: "అత్తయ్యగారూ, మీరు పడుకోండి, నేను అందిస్తాను." నాకు సిగ్గే వేసింది. "మీరెందుకు బాబూ, ఉద్యోగం చేసుకునేవాళ్లు" అన్నాను. అతను అప్పటికే ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టి బిడ్డను లేపేశాడు, వార్డులో కొత్త నర్సుల కంటే నయంగా. పాలు తాగాక తేన్పు తెప్పించి, గుడ్డ మార్చి, తొట్టెలో వేశాడు. అత్తారింటికి ఆదివారం చుట్టంగా వచ్చి స్వీట్ బాక్సు ఇచ్చి పోయే అల్లుళ్లకు ఈ రెండు చేతుల పని నేర్పండి. అమ్మమ్మలకు కూడా అరవై దాటుతున్నాయి, నడుములు మావీ నడుములే.

8. బాలింత గదిని కొలిమి చేయకండి.

కిటికీలు బిగించి, సాంబ్రాణి పొగ పట్టి, విజయవాడ మే నెలలో బిడ్డకు ఉన్ని టోపీ. తల్లికి చెమట పట్టి కుట్లు తడుస్తాయి, బిడ్డకు ఒళ్లు కాగుతుంది. మనకంటే ఒక పొర ఎక్కువ బట్ట చాలు. ఫ్యాను వేయొచ్చు. బిడ్డ మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చెమటగా ఉంటే ఒక బట్ట తీసేయండి. దోమతెర తప్పనిసరి. 2017లో తెలంగాణలో మొదలైన కేసీఆర్ కిట్‌లో దోమతెర పరుపు కూడా ఇచ్చారు. బజార్లో దొరికే గొడుగు దోమతెర పరుపులతో బుల్లి దిండొకటి వస్తుంది, దాన్ని బొమ్మలకు ఇచ్చేయండి.

9. విదేశంలో పురుడైతే మెట్లు చూసుకోండి.

కూతురి కాన్పుకు అమెరికా వెళ్లే అమ్మలకు ఈ మాట. అక్కడ చాలా ఇళ్లలో పడకగదులు మేడ మీద, వంటిల్లు కింద. కుట్లతో అమ్మాయి రోజుకు పదిసార్లు మెట్లు ఎక్కలేదు, దిగలేదు. పగలు పడుకోబెట్టడానికి కిందా ఒక ప్యాక్ అండ్ ప్లే, అంటే మడత తొట్టె, పరిచి ఉంచండి, గుడ్డలూ డైపర్లూ కూడా అక్కడే. ఎవరో వాడి ఇచ్చిన పాత తొట్టెలైతే జాగ్రత్త. ఒక పక్క అంచు కిందికి జారే రకాన్ని ఆ దేశం 2011లో నిషేధించింది. ఏటవాలుగా పడుకోబెట్టే వాటినీ, తొట్టె చుట్టూ కట్టే మెత్తలనూ 2022 చట్టంతో ఆపేసింది. మనవాళ్ల గ్యారేజీల్లో అవి ఇంకా కనిపిస్తాయి.

10. ఉయ్యాలలో వేసే రోజు.

పదకొండో రోజో, ఇరవై ఒకటో రోజో వేడుక చేస్తాం. పట్టుచీర అంచు సరిగ్గా కుట్ల మీద పడుతుంది, పైగా అందరూ ఫొటో కోసం తల్లినే వంగి బిడ్డను వేయమంటారు. కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మేనత్త వేస్తుంది, ఆమెకు హక్కు కూడా ఉంది. చుట్టాలు వెళ్లగానే పూలదండలు, బెలూన్లు, రిబ్బన్లు, గిలక్కాయలు, బొంతలు అన్నీ తీసేసి, పరుపు మీద బిగుతుగా పరిచిన ఒక్క గుడ్డ మాత్రం ఉంచండి.

11. మార్చే వేళ.

కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా పడకల సంగతి పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆరో వారం చూపించుకుని, సరే అన్నాక నెమ్మదిగా వంగడం, చాప మీద కూర్చోవడం మొదలుపెట్టొచ్చు. ఈలోగా బిడ్డ ఎదుగుతుంది. బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాం కదా, ఆ బొబ్బట్ల దాకా ఆగకండి. ఒక పక్కకు ఒత్తిగిలే ప్రయత్నం కనపడగానే పొట్టి అంచుల ఉయ్యాల తీసేసి ఎత్తు అంచుల మంచంలోకి మార్చండి. అప్పటికి తల్లి వంగి ఎత్తుకోగలదు.